ఎనిమిదవది ఔషధము

ఏకాదశి వచ్చినను, కార్తిక సోమవారము వచ్చినను, మండల దీక్ష ఆరంభమైనను, ఆస్తికుల గృహములలో ఒక సందేహము తలయెత్తుచుండును: ఉపవాస దినమున మాత్ర వేసికొనవచ్చునా? అనేకులు ఈ సందేహమును ఎవరినీ అడుగకయే తీర్చుకొందురు. మందుల డబ్బాను ప్రక్కన పెట్టి, ఒక్క రోజుకు ఏమగునులే అని సమాధానపడుదురు. బలమునకు వేసికొను విటమిను మాత్ర విషయమున ఆ మాట నిజమే కావచ్చును. కాని శిరస్సులోని పీయూష గ్రంథి చెడి, హార్మోనులను బయటనుండి పొందుచు జీవించువారికి ఆ ఒక్క రోజే ప్రాణాంతకము కావచ్చును. భక్తి కొరత వలన గాక, భక్తి చేతనే ఇట్టి ఆపద కలుగుచున్నది. కావున ఈ గ్రంథి యేమి, దాని వ్యాధులేమి, ఆ ఔషధమునకు ధర్మములో గల స్థానమేమి యని విచారించుట ఆస్తికులకు అవశ్యకర్తవ్యము.

నాసికామూలమునకు వెనుక, కపాలపు అడుగుభాగమున, స్ఫినాయిడ్ అను ఎముకలో గుఱ్ఱపు జీను ఆకారము గల చిన్న గుంట కలదు. ఆ గుంటలో బఠాణీ గింజంత పరిమాణమున, సుమారు అర గ్రాము బరువున నున్నది పీయూష గ్రంథి. ఒక సన్నని కాడ దానిని పైనున్న మెదడు భాగముతో కలుపుచున్నది. ఆ పైభాగమునకు హైపోథాలమస్ అని పేరు. గ్రంథికి కొంచెము పైగా కన్నుల నుండి వచ్చు నాడులు రెండును ఒకదానినొకటి దాటుచున్నవి. ఈ సామీప్యము ఎంత ముఖ్యమైనదో ముందు తెలియగలదు.

దీని పేరులో ఒక విశేషము కలదు. 2వ శతాబ్దమున రోము నగరమున వైద్యము చేసిన గాలెన్, మెదడులోని మలినద్రవము ఈ మార్గమున నాసికలోనికి దిగి శ్లేష్మమగునని భావించెను. అందుచేతనే శ్లేష్మమను అర్థము గల లాటిన్ పదము నుండి దీనికి పిట్యూటరీ అను పేరు కలిగినది. ఆ భావన తప్పని తరువాత తేలినను పేరు మాత్రము నిలిచిపోయినది. తెలుగు పాఠ్యగ్రంథములు దీనిని పీయూష గ్రంథి యన్నవి. పీయూషమనగా అమృతము. ఈనిన ఆవు తొలిదినములలో ఇచ్చు పాలకు కూడ సంస్కృతమున పీయూషమనియే పేరు. తల్లి స్తనములలో పాలు ఊరుటకు, ఊరిన పాలు బిడ్డ నోటికి దిగుటకు కావలసిన రెండు హార్మోనులును ఈ గ్రంథి నుండియే వెలువడును గనుక, పీయూష శబ్దము శ్లేష్మ శబ్దము కంటె యథార్థమైనది.

హార్మోను అనగా నేమి? 1905లో ఆంగ్ల శరీరశాస్త్రజ్ఞుడు స్టార్లింగ్ ఈ పదమును ప్రవేశపెట్టెను. ప్రేరేపించునది యని దానికి మూలార్థము. శ్రౌతకర్మ నెరిగినవారికి ఇది క్రొత్త భావము కాదు. యజ్ఞశాలలో అధ్వర్యువు ప్రైషము పలుకును. ఆ ప్రైషమును విని తక్కిన ఋత్విజులు తమ తమ కర్మల నారంభింతురు. ప్రైషమనగా ప్రేరించు వాక్యము. పీయూష గ్రంథి శరీరమను యజ్ఞశాలలో అధ్వర్యువు వంటిది. అది కంఠములోని అవటు గ్రంథికి ఒక ప్రైషమును, మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులకు ఒక ప్రైషమును, స్త్రీపురుషుల బీజకోశములకు రెండు ప్రైషములను పంపును. ఎదుగుదలకు ఒకటి, స్తన్యమునకు ఒకటి. ఈ ఆరును గ్రంథి ముందు భాగమునుండి పుట్టును. వెనుక భాగమునుండి వెలువడునవి రెండు: శరీరమున నీటిని నిలుపునది యొకటి, ప్రసవమునకును పాలు దిగుటకును తోడ్పడునది మరియొకటి.

ఐనను అధ్వర్యువు సర్వస్వతంత్రుడు కాడు. వేదికి దక్షిణమున మౌనముగా కూర్చుండి, కర్మలో లోపము జరిగినయెడల సరిదిద్దు బ్రహ్మ యను ఋత్విజుడు కలడు. హైపోథాలమస్ అట్టిది. రక్తములో ఏ హార్మోను ఎంత యున్నదో గమనించుచు, తక్కువైనపుడు పీయూష గ్రంథిని ప్రేరేపించును, ఎక్కువైనపుడు నిరోధించును. పీయూష గ్రంథియు అట్లే రక్తములోని హార్మోనుల ప్రమాణమును తెలిసికొని తన ప్రైషములను పెంచును, తగ్గించును. ఈ పరస్పర నియమనము చెడుటయే వ్యాధి.

వ్యాధులను వివరించుటకు పూర్వము ఒక అపోహను తొలగింపవలసియున్నది. భ్రూమధ్యమునకు సూటిగా లోపల నున్నది కనుక పీయూష గ్రంథియే ఆజ్ఞాచక్రమని కొందరు, పీనియల్ గ్రంథియే ఆజ్ఞాచక్రమని మరికొందరు ఉపన్యాసములలో చెప్పుచుందురు. 16వ శతాబ్దమున పూర్ణానందయతి రచించిన షట్చక్రనిరూపణములో ఆజ్ఞాచక్రము రెండు దళముల పద్మముగా వర్ణితమైనదే కాని, ఏ మాంసగ్రంథితోను ముడిపెట్టబడలేదు. చక్రములను గ్రంథులతో జతపరచుట ఆధునిక కాలమున, ముఖ్యముగా దివ్యజ్ఞాన సమాజ రచయితల వలన ప్రచారమునకు వచ్చినది. చక్రములు ధ్యానస్థానములు, ఉపాసనకై ఉపదేశింపబడినవి. గ్రంథి మాంసమయము, అన్నమయకోశములోనిది. రెండింటిని ఒకటి చేసిన యెడల ఉపాసనకును మేలు లేదు, రోగికిని మేలు లేదు.

ఈ అపోహ వలన కలుగు హాని మాటలతో ఆగదు. ఒక సాధకునకు కొన్ని నెలలుగా తలనొప్పి, చూపు ఇరుప్రక్కల మసకబారుట కలిగినదనుకొందము. ప్రదక్షిణము చేయుచు ప్రక్కనున్నవారిని తాకుచున్నాడు. ద్వారబంధమునకు భుజము తగులుచున్నది. ఎదుటనున్న మూర్తి మాత్రము స్పష్టముగా కనబడుచున్నది. బాహ్యదృష్టి తగ్గి అంతర్దృష్టి కలుగుచున్నదని ఎవరైన చెప్పినచో అతడు సంతోషించును. వాస్తవమేమనగా పీయూష గ్రంథిలో పెరిగిన కణితి పైనున్న నేత్రనాడుల కూడలిని నొక్కుచున్నది. అక్కడ ఒత్తిడి కలిగిన యెడల రెండు కన్నులలోను బయటి వైపు చూపు ముందుగా పోవుట ఈ వ్యాధికి ప్రధాన లక్షణము. సకాలమున చికిత్స జరిగినచో చూపు చాలవఱకు మరలి రావచ్చును. ఆలస్యమైనచో రాకపోవచ్చును. కావున ధ్యానమున కలుగు ఏ అనుభవమైనను మంచిదే కావచ్చును గాని, కన్నులు తెరచియున్నపుడు చూపు తగ్గుట అనుభవము కాదు, రోగము.

ఈ గ్రంథిలో పుట్టు కణితులలో అత్యధికములు క్యాన్సరు కావు. శరీరమంతటికి వ్యాపింపవు. కాని కొన్ని కణితులు ఒక హార్మోనును అదుపు లేక ఉత్పత్తి చేయును. ప్రొలాక్టిన్ అను స్తన్యహార్మోను అధికమైనచో ప్రసవింపని స్త్రీకి కూడ పాలు స్రవించుట, ఋతుక్రమము ఆగుట, సంతానము కలుగకుండుట సంభవించును. పురుషులలో వాంఛ, శక్తి క్షీణించును. సంతానము లేదని క్షేత్రములు తిరుగు దంపతులలో కొందరికి ఇదియే కారణమై యుండును. దీనికి మొదటి చికిత్స శస్త్రము కాదు, మాత్రయే. క్యాబర్గోలిన్ అను ఔషధము వారమునకు ఒకటి రెండు మారులు తీసికొన్నంతనే అనేకులలో కణితి కృశించును, ఋతుక్రమము మరలును. క్షేత్రదర్శనము చేయవలదని కాదు. దర్శనముతో పాటు రక్తపరీక్ష కూడ చేయించుకొనవలెనని భావము.

వృద్ధి హార్మోను పెద్దలలో అధికమైనచో చేతులు, పాదములు, దవడ, ముక్కు క్రమముగా పెరుగును. 1886లో ఫ్రెంచి వైద్యుడు పియెర్ మారీ దీనికి ఆక్రోమెగాలీ అని నామకరణము చేసెను. మార్పు సంవత్సరముల తరబడి మెల్లగా జరుగును గనుక ఇంటివారు గుర్తింపరు. వివాహమునాటి ఉంగరము వ్రేలికి పట్టకుండుట, పాదరక్షల కొలత మాటిమాటికి పెరుగుట వంటి గుర్తులే ముందు తెలుపును. కార్టిసాల్ ను పెంచు కణితి వలన ముఖము గుండ్రమై, ఉదరము పెరిగి, కాలుచేతులు సన్నగిల్లి, చర్మముపై ఊదారంగు చారలు ఏర్పడును. దీనిని వివరించిన శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పేరుమీదనే 1932 నుండి ఆ వ్యాధి ప్రసిద్ధమైనది. ఈ రెండింటికి సాధారణముగా శస్త్రచికిత్స అవసరమగును. నేడు తల తెరువకయే, నాసికామార్గమున వెళ్ళి కణితిని తీయుచున్నారు. శ్లేష్మము దిగుమార్గమని గాలెన్ పొరపడిన దారి, శస్త్రవైద్యునికి ఎక్కు మార్గమైనది.

అధికము వలన కలుగు వ్యాధులు ఇవి. ఇక లోపము వలన కలుగునవి మరింత గూఢములు. లోపమునకు అనేక కారణములు: పెద్ద కణితి గ్రంథిని నొక్కివేయుట, శస్త్రచికిత్స, రేడియేషన్ చికిత్స, తలకు బలమైన దెబ్బ, గ్రంథిలో ఆకస్మిక రక్తస్రావము. తెలుగు నేలమీద వరిచేలలో తిరుగు రైతులకు పరిచితమైన మరియొక కారణము రక్తపింజరి కాటు. ఆ విషము రక్తము గడ్డకట్టు ధర్మమును చెరచి, కొందరిలో పీయూష గ్రంథిని దెబ్బతీయును. కాటు నుండి బ్రతికి బయటపడిన మనిషి నెలలకో సంవత్సరములకో నీరసించి, వెండ్రుకలు రాలి, బలహీనుడైనపుడు పాత పాముకాటును ఎవరును తలపరు.

స్త్రీలలో ముఖ్యమైన కారణము ప్రసవకాల రక్తస్రావము. గర్భధారణకాలమున స్తన్యమునకు సిద్ధమగుచు పీయూష గ్రంథి పెరుగును. పెరిగిన గ్రంథికి రక్తము అధికముగా కావలెను. ప్రసవమున తీవ్ర రక్తస్రావమై రక్తపోటు పడిపోయినపుడు ఆ గ్రంథికి రక్తము చాలక, అందులోని కణములు మరణించును. 1937లో ఇంగ్లండునకు చెందిన షీహన్ అను వైద్యుడు ఈ స్థితిని వివరించెను. ఆసుపత్రి ప్రసవములు పెరిగిన దేశములలో ఇది అరుదైనది. ఇంటి కాన్పులు చిరకాలము సాగిన భారతదేశమున ఇంకను కనబడుచున్నది.

గోదావరీ తీరమున ఒక గ్రామములోని గృహిణి వృత్తాంతము ఈ వ్యాధి స్వభావమును చక్కగా తెలుపును. రెండవ కాన్పు ఇంటనే జరిగినది. రక్తము ఆగలేదు. పట్టణమునకు తరలించి, రక్తమెక్కించి ప్రాణము నిలిపిరి. బిడ్డ బ్రతికినది, తల్లి బ్రతికినది. ఇంటివారు మ్రొక్కుబడి చెల్లించిరి. కాని తల్లికి పాలు పడలేదు. డబ్బా పాలతో బిడ్డ పెరిగినది. ఆ తరువాత ఆమెకు ఋతువు మరల రాలేదు. పండుగలకు, వ్రతములకు అడ్డు తొలగినదని ఇంటివారు దానిని సౌకర్యముగానే భావించిరి. ఆమె మాత్రము నానాటికి నీరసించినది. వేసవిలోను చలి. ఉదయము లేవలేదు. బిందె యెత్తి నాలుగడుగులు వేయలేదు. మాట నెమ్మదించినది, ముఖము పాలిపోయినది. బద్ధకస్తురాలని అత్తగారు, మనసు సంసారముమీద లేదని భర్త అనుకొనిరి. ఒకమారు థైరాయిడ్ పరీక్ష చేయించిరి. టీఎస్‌హెచ్ మామూలుగా నున్నది గనుక రోగము లేదనిరి. ఇట్లు పదునొకండు సంవత్సరములు గడిచినవి.

ఆ యేటి కార్తికమున ఆమె పగలంతయు ఉపవాసముండి, తెల్లవారుజామున చన్నీటి స్నానములు చేయసాగినది. మూడవ సోమవారము జ్వరము వచ్చినది. వాంతులైనవి. ఉపవాసము విడువలేదు. సాయంకాలమునకు తులసికోట వద్ద కుప్పకూలినది. ఆసుపత్రిలో రక్తపోటు కొలతకు అందనంతగా పడిపోయియున్నది. రక్తములో సోడియము తగ్గియున్నది. అక్కడి యువవైద్యురాలు తక్కిన ప్రశ్నలు విడిచి ఒక్కటి అడిగినది:

"ఆఖరి కాన్పు తరువాత బిడ్డకు పాలు పడ్డాయా అమ్మా?"

"చుక్కైనా పడలేదండీ," అన్నది ప్రక్కనున్న అత్తగారు. "అప్పటినుంచి ముట్టు కూడా లేదు."

రక్తనమూనా తీసి, ఫలితము కొరకు వేచియుండక, నరములోనికి సెలైనుతో పాటు హైడ్రోకార్టిసోన్ ఇచ్చిరి. మరునాటికి ఆమె లేచి కూర్చున్నది. పరీక్షలలో కార్టిసాల్ లేశమాత్రము; అవటు హార్మోనైన టీ4 బహు తక్కువ. ఎంఆర్ఐలో పీయూష గ్రంథి యుండవలసిన గుంట దాదాపు శూన్యము. పదునొక్క సంవత్సరముల బద్ధకమునకు కారణము ఆ శూన్యమే. "కోడలిది ఒళ్ళు బద్ధకం అనుకున్నానే గానీ, ఒంట్లో ప్రాణమే లేదని తెలియలేదు," అని అత్తగారు కన్నీరు పెట్టినది. అటుపిమ్మట ఉదయము మాత్ర, గ్లాసుడు నీరు కోడలి మంచము చెంతకు తెచ్చు బాధ్యతను ఆమెయే స్వీకరించినది.

ఈ వృత్తాంతములో గ్రహింపదగిన అంశములు కొన్ని గలవు. మొదటిది, టీఎస్‌హెచ్ అనునది పీయూష గ్రంథి పంపు ప్రైషము. అవటు గ్రంథి చెడినపుడు ఆ ప్రైషము పెరుగును. ప్రైషము పలుకవలసిన గ్రంథియే చెడినపుడు అది పెరుగదు. మామూలుగా గాని తక్కువగా గాని కనబడును. కావున పీయూష గ్రంథిమీద అనుమానమున్నపుడు ఫ్రీ టీ4ను కూడ చూడవలెను. చికిత్స ఆరంభించిన తరువాత సైతము మోతాదును టీఎస్‌హెచ్ బట్టి గాక, టీ4ను బట్టి నిర్ణయింతురు. రెండవది, కార్టిసాల్ లోపమున్నవారికి దానిని ముందు పూరించి, ఆ పిమ్మటనే అవటు హార్మోనును ఇయ్యవలెను. ఈ క్రమము తప్పినచో, శరీరము వేగము పుంజుకొని, ఉన్న కొద్ది కార్టిసాల్ ఖర్చై, రోగి ఆపదలో పడును. కర్మకు క్రమమెట్టిదో చికిత్సకును క్రమము అట్టిదే. మూడవది, తీవ్ర రక్తస్రావము తరువాత పాలు పడకుండుట, ఋతువు మరలకుండుట అను రెండును కలిసినచో, ఎన్ని సంవత్సరములైనను, వైద్యునికి తప్పక చెప్పవలెను.

కార్టిసాల్ గూర్చి కొంత వివరము అవసరము. ఆరోగ్యవంతునిలో ఇది రాత్రి తొలిభాగమున అత్యల్పముగా నుండి, రాత్రి చివరిభాగమున పెరుగనారంభించి, మేల్కొను వేళకు ఉచ్చస్థితికి చేరును. బ్రాహ్మీముహూర్తమున లేచువానికి శరీరము లోపల ముందుగనే సన్నాహము జరుగుచున్నదన్నమాట. ఈ సహజలయను అనుకరించుటకే హైడ్రోకార్టిసోన్ మాత్రలను ఉదయము ఎక్కువ, మధ్యాహ్నము, సాయంకాలము తక్కువగా విభజించి ఇత్తురు. పెద్దలకు సాధారణముగా దినమునకు 15 నుండి 20 మిల్లీగ్రాములు చాలును. కొందరికి ప్రెడ్నిసోలోన్ నిత్తురు. ఎవరికి ఏది, ఎంత యనునది వైద్యుడు నిర్ణయింపవలసినదే.

స్టెరాయిడ్ అను మాట వినగనే భయపడువారు కలరు. ఉబ్బసమునకు, కీళ్ళవాతమునకు అధిక మోతాదులో దీర్ఘకాలము వాడిన యెడల కలుగు దుష్ఫలితములను వారు చూచియుందురు. ఆ భయము ఇక్కడ అస్థానము. ఇక్కడ శరీరము తాను చేసికొనవలసిన దానినే, అంత పరిమాణముననే బయటనుండి ఇచ్చుచున్నారు. లోటు పూరణమునకును అధికమునకును భేదము కలదు. దీపములో తగ్గిన నూనె పోయుట వేరు, దీపము మునుగునట్లు పోయుట వేరు. అలవాటగునను మాట కూడ సరికాదు. అన్నము అలవాటైనదని ఎవరు విడుతురు? అయితే మరియొక హెచ్చరిక అవసరము. నొప్పులకని విక్రయింపబడు పేరులేని చూర్ణములు, గుళికలు కొన్నింటిలో స్టెరాయిడ్లు రహస్యముగా కలుపబడియుండును. వాటిని నెలల తరబడి తిన్నవానిలో పీయూష గ్రంథి తన ప్రైషమును మాని నిద్రించును. ఒక్కసారిగా మానివేసినపుడు పైన చెప్పిన ఆపదయే కలుగును.

ఈ ఔషధముల తీరు నిత్య, నైమిత్తిక, కామ్య కర్మల విభాగమును జ్ఞప్తికి తెచ్చును. నిత్యకర్మ చేసినందువలన ప్రత్యేక ఫలము కనబడదు, మానినచో ప్రత్యవాయము కలుగునని మీమాంసకులు విచారించిరి. కార్టిసాల్ మాత్ర, అవటు హార్మోను మాత్ర అట్టివి. వేసికొన్న దినమున విశేషమేమియు తోచదు. మానిన దినమున తెలియును. జ్వరము, గాయము, దంతము తీయించుట, శస్త్రచికిత్స మొదలగు నిమిత్తములు కలిగినపుడు మోతాదు పెంచుట నైమిత్తికము. జ్వరమున్నన్ని దినములు సాధారణముగా రెండింతలు లేక మూడింతలు చేయుదురు. వాంతులై మాత్ర నిలువనిచో, ఇంట సిద్ధముగా నుంచుకొన్న 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజక్షనును పొందుచు ఆసుపత్రికి వెళ్ళవలెను. ఈ నియమములను వైద్యునితో ముందుగనే వ్రాయించుకొని, ఇంటిల్లిపాదికి తెలుపవలెను. ఇక కండలు పెంచుటకై యువకులు వ్యాయామశాలలలో వాడు హార్మోనులున్నవి. అవి కామ్యములు కూడ కావు, నిషిద్ధములు. నిద్రించుచున్న వారి పీయూష గ్రంథియే అందుకు సాక్షి.

తక్కిన హార్మోనుల పూరణము వయస్సును, అవసరమును బట్టి యుండును. స్త్రీలకు సహజముగా ఋతువు నిలుచు వయస్సు వఱకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్. పురుషులకు టెస్టోస్టెరాన్ నిత్తురు. ఎముకల బలము కూడ వీటిమీద ఆధారపడియున్నది గనుక ఇది కేవలము దాంపత్యమునకు సంబంధించిన విషయము కాదు. సంతానము కోరువారికి పీయూష గ్రంథి పంపవలసిన ప్రైషములనే ఇంజక్షన్లుగా ఇచ్చి గర్భధారణ కలిగించు అవకాశము కలదు. ఎదుగని బాలురకు వృద్ధి హార్మోను నిత్తురు. పూర్వము దానిని మృతుల పీయూష గ్రంథులనుండి తీసెడివారు. దాని ద్వారా కొందరికి ప్రాణాంతకమైన మెదడు వ్యాధి సంక్రమించినదని 1985లో తెలిసి ఆ పద్ధతిని విడిచిరి. నేడు సూక్ష్మజీవుల సాయమున ప్రయోగశాలలలో తయారు చేయుచున్నారు. ఆచారవంతులకు శంక కలుగు విషయము గనుక ఇది చెప్పుట: నేడు సాధారణముగా వాడు హైడ్రోకార్టిసోన్, థైరాక్సిన్, డెస్మోప్రెసిన్ ఔషధములు కృత్రిమ సంశ్లేషణ వలన లభించునవే.

డెస్మోప్రెసిన్ అనునది గ్రంథి వెనుక భాగము చెడినవారి కొరకు. నీటిని నిలుపు హార్మోను లేనిచో మూత్రము నీటివలె దినమునకు ఎన్నో లీటర్లు పోవును, దాహము తీరదు. దీనికి ఇన్సిపిడస్ అను పేరున్నను చక్కెర వ్యాధితో సంబంధము లేదు. ఇట్టివారికి నిర్జలోపవాసము అత్యంత ప్రమాదకరము. ఔషధము వేసికొని అవసరము లేకున్నను కడవల కొలది నీరు త్రాగుటయు ప్రమాదమే. రక్తములో సోడియము పడిపోవును. దాహమును బట్టి త్రాగుటయే వారికి నియమము.

ఇక మొదటి సందేహమునకు రావలెను. ధర్మశాస్త్రము వ్రతభంగమును విచారించినపుడు, వ్రతమును చెరుపనివి ఎనిమిది యని లెక్కించినది. నీరు, మూలములు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట యను ఏడింటి తరువాత ఎనిమిదవదిగా చెప్పబడినది ఔషధము. ఈ మాటను నిబంధకారులు వ్రతప్రకరణములలో ఉదాహరించిరి. ఇది నేటి సౌకర్యమునకై కల్పించిన సడలింపు కాదు. ప్రాచీనులే చేసిన వ్యవస్థ. ఔషధము భోగము కాదు గనుక దానివలన ఉపవాసము చెడదు. అట్టి స్థితిలో మాత్ర మానుట అధిక వ్రతమెట్లగును? శాస్త్రము విధింపని కష్టమును తెచ్చుకొనుటయే యగును. భగవద్గీత 17వ అధ్యాయమున, శాస్త్రవిహితము కాని ఘోరతపస్సుచేత శరీరమును, అందున్న తననే కృశింపజేయువారిని భగవానుడు ఏ గణమున చేర్చెనో సాధకులెరుగుదురు.

ఛాందోగ్యోపనిషత్తు 6వ అధ్యాయములోని వృత్తాంతము కూడ ఇక్కడ స్మరణీయము. ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు భుజింపవలదని ఆదేశించెను. నీరు మాత్రము ఇష్టము వచ్చినంత త్రాగుమనెను, ప్రాణము జలమయము గనుక. పదునాఱవ దినమున వేదము పలుకుమనగా, పండ్రెండేండ్లు చదివిన శ్వేతకేతువునకు ఒక్క ఋక్కైనను తోచలేదు. భుజించిన పిదప సమస్తము స్ఫురించినది. మనస్సు అన్నమయమను సత్యము తండ్రి అట్లు అనుభవమునకు తెచ్చెను. అంతటి పరీక్షలోను తండ్రి జలమును నిషేధింపలేదు. మనస్సు అన్నముమీద ఆధారపడినట్లే, ఆ అన్నమును శరీరము వినియోగించుకొను శక్తి ఈ హార్మోనులమీద ఆధారపడియున్నది. అవి లేని దేహమున జపము నిలువదు, స్మృతి నిలువదు. దానిని సాధకుని అశ్రద్ధగా ఎంచుట అన్యాయము.

ఆచరణలో ఇంతమాత్రము చాలును. కార్టిసాల్ లోపమున్నవారు ఉపవాసము తలపెట్టుటకు ముందు వైద్యుని అడుగవలెను. వలదన్నచో పాలు, పండ్లు, హవిష్యాన్నముతో వ్రతము సాగింపవచ్చును. సంకల్పమునకు ముందే మేల్కొనిన వెంటనే మాత్రను నీటితో తీసికొని, పిదప స్నానపూజాదులు చేయవచ్చును. థైరాక్సిన్ ఖాళీ కడుపున వేసికొని, కాఫీకి గాని ఆహారమునకు గాని ముందు అరగంట నుండి గంట వఱకు ఆగవలెను. ఇనుము, కాల్షియము మాత్రలు నాలుగు గంటల ఎడమున తీసికొనవలెను. శబరిమల కొండ యెక్కువారు, తిరుమల మెట్ల దారిని నడచువారు, నదీపుష్కరములకు వెళ్ళువారు మందులను రెండు చోట్ల భద్రపరచుకొనవలెను. తాను స్టెరాయిడ్ మీద ఆధారపడిన రోగినని, ఆపదలో హైడ్రోకార్టిసోన్ ఇయ్యవలెనని తెలుగులోను ఆంగ్లములోను వ్రాసిన చీటీని ఇరుముడిలో గాక, ఒంటిమీదనే ఉంచుకొనవలెను. జ్వరముననో వాంతులలోనో ఉన్న దినమున ఉపవాసమే లేదు.

అర్చకులు, గురువులు, ఇంటి పెద్దలు అను మువ్వురికి ఇందు బాధ్యత కలదు. ఉపవాసమునకు అనుజ్ఞ కోరివచ్చిన వారిని, నిత్యము వాడు మందులేవి యని ముందుగా అడుగుట మంచిది. మందు మానివేసితినని గర్వముగా చెప్పువానిని మెచ్చుకొనరాదు. ప్రారబ్ధమని చెప్పి చికిత్సను నిరుత్సాహపరుపరాదు. రోగము ప్రారబ్ధమైనచో, వైద్యుడు లభించుటయు, ఔషధము లభించుటయు ఆ ప్రారబ్ధములోనివే. సంతానము లేని కోడలిని, పాలు పడని బాలెంతను, నీరసించిన గృహిణిని దోషముగలవారిగా చూడరాదు. వారి నుదుట వ్రాత కంటె ముందు వారి రక్తపరీక్షను చదువవలెను.

కాళిదాసు కుమారసంభవమున, తపస్సు చేయుచున్న పార్వతి వద్దకు బ్రహ్మచారి వేషమున వచ్చిన పరమేశ్వరుడు వేసిన తొలి ప్రశ్నలలో ఒకటి, నీ శక్తికి తగినట్లే తపస్సు చేయుచున్నావా యని. ధర్మమునకు శరీరమే మొదటి సాధనమని ఆయనయే కారణము చెప్పెను. తపస్సునకు ఫలమిచ్చువాడే తపస్వినిని ఈ ప్రశ్న అడిగినపుడు, ఫలము కోరువారు తమను తాము అడుగుకొనుటలో న్యూనత లేదు. పీయూష గ్రంథి చెడినవారికి ఆ శక్తి ఒక చిన్న మాత్రలో నున్నది. దానిని వేసికొని పూజకు కూర్చుండుట భక్తికి లోపము కాదు, పూజకు ఉపక్రమము.